కారు మొహాన బొట్టు

కార్ల గురించి కబుర్లు చెప్పే మగవాళ్ళని చూస్తే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. సాయంత్రమైతే మా ఆయన బెల్లం కొట్లో నలుగురు చేరతారు. ఒకప్పుడు ఏ ఊరి దిమ్మ రంగు బాగుంది, ఎవరి పాకం కుదిరింది అని మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా కార్లే. ఒకాయన డీజిలు పని అయిపోయిందంటాడు. ఇంకొకాయన బ్యాటరీ కారు కొంటే గాలివానకి కరెంటు పోయిన రోజున ఇంటి ముందు దిష్టిబొమ్మలా నిలబెట్టుకోవాలంటాడు. పెట్రోల్లో చెరకు నుంచి తీసిన స్పిరిట్ కలుపుతున్నారని, పాత బండ్ల రబ్బరు గొట్టాలు దెబ్బతింటున్నాయని మరొకాయన గోల. "బావా, మన సెరుకే మన బండిని తినేత్తంది" అని నవ్వుకుంటారు. చెరకు వేసే రైతు ఏటికేడు తగ్గిపోతున్నాడన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఆ కబుర్లలోంచే మా ఇంటికి కొత్త కారు వచ్చింది.

నాకు ఒక పాత కారు ఉండేది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పక్కింటివాళ్ళ నవ్వులు భరించి దాని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆ కారులో ఏసీకి ఒక బిళ్ళ ఉండేది, తిప్పితే తిరిగేది. రోడ్డు మీంచి చూపు తియ్యకుండా చెయ్యి చాపితే అందేది. కొత్త దానిలో బిళ్ళలు లేవు. అద్దం పలకలాంటి స్క్రీన్ ఒకటి ఉంది, ఏం కావాలన్నా దాన్నే గోకాలి. గోకాలంటే రోడ్డు వదిలేసి దాన్ని చూడాలి. ఫోన్ చూస్తూ బండి నడిపితే జరిమానా వేస్తారు గానీ, ఫోన్ కంటే పెద్దది కారులోనే బిగించి అమ్మితే దాన్ని ఫీచర్ అంటారు. పైకప్పుకి ఒక కిటికీ కూడా ఉంది. మే నెలలో మా అనకాపల్లి ఎండకి నెత్తి మీద కిటికీ ఎవరడిగారో నాకు తెలీదు.

"ఇవన్నీ కాదే, ముందేదైనా అడ్డొత్తే దానంతట అదే బ్రేకేత్తాది. నీ కోసమే తీసుకున్నాను" అన్నారు మా ఆయన. నా డ్రైవింగ్ మీద ఆయనకున్న నమ్మకం ఆ మాటలోనే తెలిసింది.

షోరూంలో కారు ఇచ్చిన రోజున పెళ్ళి హడావిడి చేశారు. ఎర్రగుడ్డ కప్పారు, పాట పెట్టారు, పెద్ద తాళంచెవి బొమ్మ చేతికిచ్చి ఫోటో తీశారు. అక్కడ పనిచేసే అమ్మాయి పళ్ళెంలో పసుపు, కుంకుమ తెచ్చింది. కారు ముందు మధ్యలో మెరిసే కంపెనీ గుర్తు ఉంటుంది కదా, సరిగ్గా దాని మీద నిండుగా పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఇనప తీగకి గుచ్చిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు తనే ముందు కట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "తొక్కించండి సార్" అంది. నాకు ముచ్చటేసింది కూడా. ఎంత పెద్ద కంపెనీ అయినా మన పద్ధతి వదల్లేదు అనుకున్నాను.

ఆ తర్వాత శుక్రవారం వస్తే గడపకి రాసినట్టే కారు మొహానికీ పసుపు రాసేదాన్ని. అమావాస్యకి నిమ్మకాయల దండ మార్చేదాన్ని. మా వీధిలో ప్రతి బండికీ ఇదే మర్యాద. లారీకైనా, స్కూటీకైనా మొహానే బొట్టు పెడతాం, వీపున పెట్టం.

ఆ రోజు కోటవురట్లలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి పొద్దున్నే తిరిగి వస్తున్నాను. ఒక్కదాన్నే. హైవే ఎక్కి యలమంచిలి దాటాను. రోడ్డు ఖాళీ. ముందు మనిషి లేడు, గొడ్డు లేదు, బండి లేదు. ఉన్నట్టుండి స్క్రీన్ ఎర్రబడి కీచుమని కూత పెట్టింది. నా కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. కారు ముక్కు నేలకి కొట్టుకున్నంత పనై అక్కడికక్కడే ఆగిపోయింది. ఏమైందో అర్థమయ్యేలోగా వెనక నుంచి దబ్బుమని ఒక దెబ్బ.

దిగి చూస్తే చేపల ఆటో. రాజయ్యపేట నుంచి అనకాపల్లి బజారుకి వస్తోంది. ముందు అద్దం పగిలింది, గంపలు బోర్లాపడి రోడ్డంతా కానాగంత చేపలు. ఆటో నడిపే అతను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అతని వదిన, చేపలమ్మే మనిషి, రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. మణికట్టు దగ్గర ఎముక పక్కకి తిరిగిపోయింది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆస్పత్రిలో కట్టు కడుతున్నంతసేపూ ఆవిడ పక్కనే ఉన్నాను. ఉండలేక చెప్పేశాను. "అమ్మా, నేను బ్రేక్ వెయ్యలేదు. ఒట్టు. కారే వేసుకుంది."

ఆవిడ ఎడం చేత్తో నా భుజం తట్టింది. "ముందర ఏటీ నేదు, నానూ సూసేను. మావోడి బోటింజనూ అంతేనమ్మా, దాని బుద్ధి దాందే. నువ్వెయ్యనేదంటే ఎయ్యనేదు. ఏడవకు తల్లీ" అంది. చెయ్యి విరిగింది తనకి, ఓదార్పు నాకు. ఆ మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడే, చివరి మనిషీ ఆవిడేనని నాకప్పుడు తెలీదు.

ఇంట్లో మొదలైంది. "కారు దానంతట అదే ఆగిందని బయటెక్కడా అనకు, నలుగురూ నవ్వుతారు. ఎనకనుంచి గుద్దినోడిదే తప్పు. మనకేటి?" అన్నారు మా ఆయన. కొట్లో చేరే మగవాళ్ళు నన్ను పరామర్శించడానికి వచ్చి, "కంగారు పడితే ఆడోళ్ళ కాలు బ్రేకు మీదకే ఎల్తాదమ్మా, మీ తప్పు కాదు" అన్నారు. ఇంతకాలం ఫోన్లో కార్ల వీడియోలు చూసి పండితులైన వాళ్ళు! తిట్టినా బాగుండును, వాళ్ళ జాలి చూస్తే చెప్పు పుచ్చుకోవాలనిపించింది.

మర్నాడు సొట్టపడ్డ కారు వేసుకుని షోరూంకి నేనే వెళ్ళాను. మేనేజరు కారు చుట్టూ తిరిగి ముందుకొచ్చి ఆగాడు. "ఇదండీ మేడమ్ కారణం" అన్నాడు. ముందున్నది పసిగట్టే రాడార్ ఆ కంపెనీ గుర్తు వెనకాలే ఉంటుందట. దాని మీద పసుపు పేరుకుంది, దానికి తోడు దండ కట్టిన ఇనప తీగ ఊగుతోంది. అడ్డం ఏదో ఉందని కారు భ్రమపడింది. "బ్రేక్ కరెక్టుగానే పనిచేసింది మేడమ్. సెన్సర్ ముందు ఏదీ ఉండకూడదని మాన్యువల్లో ఉంది. కస్టమర్ పొరపాటు."

"బొట్టు పెట్టి దండ కట్టింది మీ పిల్ల కాదా? ఫోటో ఉంది నా దగ్గర" అన్నాను.

"అది డెలివరీ ఫంక్షన్ మేడమ్. ఇంటికెళ్ళాక బొట్టు తుడిచేసుకోవాలి."

ముత్తయిదువ మొహం మీద అనే మాటేనా అది? ఆ మేనేజరు అబ్బాయికి తనేమన్నాడో కూడా తెలీదు. నోటికొచ్చిందల్లా అన్నాను. షోరూం షోరూమంతా వినబడేలా అన్నాను. కారు కంటిని కంపెనీ గుర్తు వెనక దాచిన మహానుభావుడెవడో గానీ, ఈ దేశంలో కొత్త బండికి బొట్టు ఎక్కడ పెడతారో చెప్పడానికి వాడికి ఒక్క మనిషి దొరకలేదా? ఎక్కడో నున్నటి రోడ్ల మీద పరీక్షలు పెట్టి, భద్రతకి ఇన్నని నక్షత్రాలు అతికించి, మా మీదకి వదిలేస్తారు. అమ్మేదాకా మన సంప్రదాయం, అమ్మాక కస్టమర్ పొరపాటు. "సరే, నా కాలు ఎక్కడుందో, బ్రేక్ ఎవరేశారో కారులో రికార్డయి ఉంటుంది కదా, అదైనా తీసి చూపించు" అన్నాను. ఆ డేటా కంపెనీదట. షోరూం వాళ్ళకి కూడా కనబడదట. నా కాలు ఎక్కడుందో చెప్పే హక్కు నాకు లేదు, కంపెనీకి ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. పోలీసులు పట్టుకెళ్ళిన ఆటో అక్కడే ఆవరణలో ఉంది, ఇంకా చేపల వాసన వేస్తోంది. ఆటో అతనూ, చేతికి కట్టుతో అతని వదినా చెట్టు కింద కూర్చున్నారు. ఆటో లేకపోతే వాళ్ళ చేపలు బజారుకి రావు. కేసయితే అతని లైసెన్సుకే ఎసరు.

ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టాడు. నేను మొదటి నుంచీ చెప్పాను. రాడార్ దగ్గరికొచ్చేసరికి అతని మూతి మీద నవ్వు వచ్చింది. "మేడమ్, కారే బ్రేక్ వేసిందని మీరంటే నేను కంపెనీ మీద రాయాలి. అది తేలేదాకా ఆటో ఇక్కడే ఉంటుంది. మీ సొమ్మేం పోదు గానీ, పాపం వాళ్ళ బతుకు. ఎదర ఏమీ లేకపోయినా కంగారులో నేనే బ్రేక్ వేశానని మీరంటే, ఇద్దరూ రాజీ పడ్డట్టు రాసి ఇప్పుడే పంపించేస్తాను. మీకూ పెద్దగా ఏమీ కాదు."

ఒక్క అబద్ధం చాలు. మా ఆయన చెప్పింది నిజమైపోతుంది, కొట్లో మగవాళ్ళ జాలి నిజమైపోతుంది, ఆ కంపెనీ చేతికి మట్టి అంటదు. కిటికీలోంచి చూస్తే ఆవిడ ఎడం చేత్తో చెంగు సర్దుకోలేక అవస్థ పడుతోంది.

"నేనే వేశాను. రాసుకోండి" అన్నాను.

ఎస్సై ఆటో తాళం చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. "ఆవిడే బ్రేకేసినట్టు ఒప్పుకున్నారు. మీదేం తప్పు లేదు" అని వాళ్ళకి చెప్పాడు. ఆటో అతను దండం పెట్టాడు. వదిన మాత్రం లేచి నా దగ్గరకొచ్చింది.

"నువ్వే ఏసినావా అమ్మా?" అని అడిగింది. "మరి ఆస్పత్రిలో నాకలగ ఒట్టేసి సెప్పినావేటి?"

ఎస్సై పక్కనే నిలబడి ఉన్నాడు. తాళం ఇంకా అతని చేతిలోనే ఉంది.

"నేనే వేశానమ్మా" అన్నాను.