మా బావిలో ముగ్గురాయి

వేంపల్లె దగ్గర మా నాయన నీళ్ల కోసం బావి తవ్వితే రాయి పడింది. మామూలు రాయైతే మా ఖర్మ అనుకుని ఊరుకునేవాళ్లం. పడింది ముగ్గురాయి. తెల్లగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ఇనుమంత బరువు. రంగుల తయారీకి దాన్ని డబ్బిచ్చి కొంటారని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. ముహూర్తం చూడకుండా చర్చి అయ్యగారి ప్రార్థనతో మొదలుపెట్టినందుకే ఇలా అయిందని ఊళ్లో నవ్వారు.

కబురు విని అంగడి నడిపే శెట్టి వచ్చాడు. గట్టు మీద కూర్చుని రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఈ రాయి నీకేం పనికొస్తాది? నేను తీసుకుంటా. నా కూలోళ్లే నీ బావి తవ్విపెడ్తారు. రాయి నాది, నీళ్లు నీవి. సరేనా?"

ఊరికే బావి వస్తుందంటే ఎవరికి చేదు! నాయన వేలిముద్ర వేశాడు. ఆ వారమే తోలు తెచ్చి, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బాన కుట్టించాడు.

నీళ్లు పడ్డాయి. కానీ రాయికి అవి అడ్డం. కూలీలు పొద్దున్నే నీళ్లు తోడి వంకలో పోసి, ఆ తర్వాతే సమ్మెట పట్టేవాళ్లు. తిండిగింజల కోసం కూలికి చేరిన మా నాయనా ఆ కూలీల్లో ఒకడు. తన కొర్రచేను ఎండుతుంటే తన బావి నీళ్లు తనే పారబోసే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

"చేను ఎండిపోతాండాది. ఆ నీళ్లు ఇట్ల తిప్పమని అడగలేవా?" అనేది అమ్మ.

అడిగాడు. బండ్ల బాట బురదవుతుందని శెట్టి ఒప్పుకోలేదు.

"రాయి అయిపోనీలే. నీళ్లు యాడికి పోతాయి, మనయే కదా" అనేవాడు నాయన. ఏటా ఎండాకాలం అటక మీది బాన దింపి, తోలు పగలకుండా ఆముదం పట్టించేవాడు. అమ్మ తలకు లేకపోయినా బానకు ఆముదం ఉండాల్సిందే.

యుద్ధం రోజుల్లో రాయికి గిరాకీ పెరిగింది. రాయి వెంట బావి అడుగును పక్కలకు గుహలా తొలుచుకుంటూ పోయారు. చివరికి గోడలు కూలకుండా నడుమ వదిలిన రాతి స్తంభాలే మిగిలాయి. శెట్టి వాటినీ కొట్టమన్నాడు. నాయన కాళ్లావేళ్లా పడ్డాడు.

"అయి తీస్తే బావి కూలిపోతాది సామీ! నీళ్లు నాయంటివి కదా?"

"నీళ్లు నీయే అప్పా, నేను కాదన్నానా? స్తంభాలు రాయే కదా. రాయి నాది."

ఆఖరి బండ్లు పోయాక వచ్చిన మొదటి వానకే గోడలు లోపలికి పడిపోయాయి. నీళ్లు ఎక్కడో అడుగున, రాళ్ల కింద ఉండిపోయాయి. నాయన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇంటికొచ్చి, మెత్తగా నిగనిగలాడుతున్న ఆ బానను కోసి అందరికీ చెప్పులు కుట్టించాడు.

అవి వేసుకునే బేతంచెర్లకు, నాపరాయి గనుల్లో కూలికి నడిచాం. ఆ చెప్పులు అరక్కముందే నాయన పోయాడు.