కొప్పెరలో నైలాన్ వల

గుల్లలకుప్పంలో కాగని వల నీళ్ళలో దిగేది కాదు. తడ ఊరికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున, ముప్పై గుడిసెల పల్లె అది. పత్తినూలు వలను ఉప్పునీళ్ళు మూడు నెలల్లో తినేస్తాయి. తుమ్మచెక్క కషాయంలో కాచి ఆరబెడితే అదే వల ఏడాది నిలుస్తుంది. అందుకని పదిహేను రోజులకొకసారి ప్రతి వలా పేరమ్మ గుడిసె వెనకనున్న రాగి కొప్పెరలోకి రావలసిందే. కొత్త వలను మొదటిసారి కాచడానికి 'తలంటు' అని పేరు. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు తలంటు కానిదే కొత్త వలను పడవ ఎక్కనిచ్చేవారు కాదు.

ఆ కొప్పెర పేరమ్మకు అత్త నుంచి వచ్చింది. పదిహేనో ఏట దాని ముందు కూచుంది, నలభై ఐదు దాటినా లేవలేదు. మోచేతుల దాకా ఆమె చర్మం వక్కరంగులోకి మారిపోయింది. వల కాగిందో లేదో చూసుకోవడానికి ఆమె దగ్గర గడియారం లేదు. నూలు కొస ఒకటి తీసి ముందుపళ్ళతో నమిలేది. వగరు ఒకసారి తగిలి ఆగిపోతే ఇంకా కాలేదని లెక్క. నమిలేకొద్దీ వస్తుంటే కాగినట్టు. ఈ పనికి బడి లేదు, పట్టా లేదు. అందుకే దాన్ని విద్య అని ఎవరూ అనలేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో కుప్పానికి సహకార సంఘం వచ్చింది. దరఖాస్తు కాయితంలో పడవ ఉందా అని ఒక గడి, వల ఉందా అని ఒక గడి. కొప్పెర ఉందా అనే గడి లేదు. వలలు అల్లేదీ కాచేదీ చేపలు తట్టకెత్తి తడ దాకా మోసేదీ ఆడవాళ్ళే. ఎక్కడో ఫాను కింద కూచున్నవాడు రెండు గళ్ళు గీసి, వాళ్ళందరినీ గీత బయట నిలబెట్టాడు. పేరమ్మ భర్త చిన్నపోలయ్య సభ్యుడయ్యాడు. పేరమ్మ కాలేదు.

మరుసటి ఏడు నైలాన్ వలలు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య నెల్లూరు నుంచి జీపులో ఆరు వలలు తెచ్చి ఇసుకలో పరిచాడు. చెడ్డవాడు కాదు. ఎదురుగా ఉన్న మనిషి కన్నా పైనుంచి వచ్చిన కాయితాన్ని ఎక్కువ నమ్మేవాడు, అంతే.

"ఇది కుళ్ళదు. నీళ్ళు తాగదు. దీన్ని కాచే పనే లేదు," అన్నాడు.

"అయితే సార్, మా పేరమ్మక్కని ఏం చేసుకోమంటారు?" అన్నాడు సంఘం ప్రెసిడెంటు మునెయ్య. జనం గొల్లుమన్నారు. పేరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి వల కొస అందుకుని పళ్ళ మధ్య పెట్టుకుంది. రుచి లేదు, పీచు లేదు. గాజు దారాన్ని కొరికినట్టుంది.

సరస్సులో ఎవరు ఏ చోట వల వేయాలో చీట్లు వేసుకోవడం కుప్పం అలవాటు. ఆరు వలలకూ అట్లాగే చీట్లు వేశారు. ఒకటి చిన్నపోలయ్యకు వచ్చింది. మిగతా అయిదుగురూ ఆ రోజే వలలు పడవల్లోకి ఎత్తుకున్నారు. చిన్నపోలయ్య ఇంటికి తెచ్చాడు.

"కాచొద్దన్నాడు గదమే ఆ సారు," అన్నాడు, పొయ్యిలో కట్టెలు పెడుతున్న భార్యను చూసి.

"అక్కర్లేదన్నాడు. కొత్త వల తలంటు లేకుండా నీళ్ళలోకి పోతే, రేపు పడవ తిరగబడితే ఆ సారొచ్చి ఎత్తుతాడా?"

కొప్పెరలో వేసింది. అలవాటు కొద్దీ నమిలి చూసింది. వగరు పట్టలేదు. కాగలేదనుకుని మంట పెంచింది. మళ్ళీ నమిలింది, మళ్ళీ పెంచింది. అక్కడే పొరపాటు జరిగింది. నూలు చెప్పే మాట నైలాన్ చెప్పదని ఆమెకు తెలియదు. మధ్యాహ్నానికి వల బయటికి తీస్తే తెల్లనిది కాస్తా ఎర్రమట్టి రంగుకు తిరిగింది, అల్లికలో ఒక్కో కన్నూ అర వేలు మేర దగ్గరపడింది.

"ఏందొదినా, సర్కారు వలకి టీ తాపినావా?" అంది పక్కింటి కామమ్మ.

ఆ నవ్వులు వారం రోజులు సాగాయి. ఎనిమిదో రోజున ఆగిపోయాయి. తెల్ల వలలు వేసిన అయిదుగురికీ చేప తగ్గడం మొదలైంది. నైలాన్ దారం నున్నన, దాని ముడులు జారుతున్నాయి. వలలో ఒకచోట కన్ను పిడికిలంత అయితే పక్కనే మరొకటి చిటికెనవేలు కూడా పట్టనంత. మడవ చేపలు ఆ పెద్ద కన్నుల్లోంచి పెళ్ళివారు నడిచినట్టు నడిచిపోయాయి. చిన్నపోలయ్య వలలో మాత్రం ముడి కదల్లేదు.

పద్మనాభయ్య తనిఖీకి వచ్చేసరికి ఎర్ర వల దడి మీద ఆరుతోంది. ఆయన ముందు చూసింది దాని రంగు. తర్వాత జేబులోంచి స్కేలు తీసి కన్ను కొలిచాడు. ముఖం నల్లబడింది. తిరిగిపోయి, నాలుగో రోజు టైపు చేసిన కాయితంతో వచ్చాడు. మునెయ్య అందరి ముందూ చదివాడు: "పేరమ్మ అను నేను అజ్ఞానం వలన ప్రభుత్వపు వలను పాడుచేసినాను. ఇకమీదట ఏ వలనూ కాచనని హామీ ఇస్తున్నాను."

సర్కారు కాయితంలో పేరమ్మ పేరు ఎక్కడం అదే మొదలు. సభ్యురాలిగా ఎక్కని పేరు నేరం దగ్గర చక్కగా ఎక్కింది.

"వేలిముద్ర వెయ్యమ్మా," అన్నాడు పద్మనాభయ్య, సిరా డబ్బీ మూత తీసి. "ఇది వేస్తేనే రెండో జాబితాలో మీ ఊరికి పన్నెండు వలలు. లేకపోతే నేను చేయగలిగింది లేదు."

"కన్ను దగ్గరపడింది. మంట ఎక్కువ పెట్టినాను, అది నా తప్పే," అంది పేరమ్మ. "అదొక్కటి రాసుకోండి, వేస్తాను. పాడైందని రాస్తే ఎట్టేస్తాను సార్? మీరే చూడండి."

పేరమ్మే పోయి కామమ్మ వాళ్ళ తెల్ల వల లాక్కొచ్చింది. దాని కొస ఆయన చేతుల్లో పెట్టింది.

"ఈ ముడికి రెండు పక్కలా పట్టుకుని లాగండి."

ఆయన లాగాడు. ముడి దారం వెంట పూసలా జారింది. తర్వాత దడి మీది ఎర్ర వల అందించింది. ఆయన లాగాడు. మళ్ళీ లాగాడు. వేళ్ళ మీద గీతలు పడ్డాయి గాని ముడి కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రిపోర్టు పైకి వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇప్పుడు మార్చడానికి లేదు."

"ముడి జారితే మార్చొచ్చు, రిపోర్టు జారితే మార్చగూడదా?"

మునెయ్య దగ్గరికొచ్చాడు. "అక్కా, నీ ఒక్క వేలు కోసం ఊరికి పన్నెండు వలలు పోతాయే."

"వేలు నాది గదరా."

"వలలు మావి గదా!"

"చేపలకి దోవలు వేసే వలలు పన్నెండొస్తే ఏంది, పాతికొస్తే ఏంది? నేను వేలు పెట్టినానంటే రేపు ఈ కొప్పెర కింద నిప్పు పెట్టినా నేరమే. అప్పుడు నీ ముడులు ఎవురు బిగిస్తారు, ఆ స్కేలా?"

సిరా డబ్బీ మూత ఆమే పెట్టి ఆయన చేతికిచ్చింది. జీపు వేలిముద్ర పడని కాయితంతో తడ దోవ పట్టింది.

ఆ ఏడాది రెండో జాబితాలో గుల్లలకుప్పం లేదు. పక్క కుప్పానికి వచ్చాయి, వీళ్ళకు రాలేదు. కొందరు పేరమ్మతో మాటలు మానేశారు. వలలు మాత్రం తెచ్చారు. ఆ అయిదు తెల్ల వలలనూ ఒక్కొక్కరే వచ్చి, పలకరించకుండా కొప్పెర పక్కన పడేసి పోయేవారు. ఆమె కూడా పలకరించేది కాదు. కానీ ఈసారి నమలలేదు. మంట తగ్గించి, ముడిని గోటితో నెట్టి చూస్తూ కూచుంది. జారడం ఆగిన క్షణాన వల బయటికి లాగింది. కన్ను ముందటంత దగ్గరపడలేదు. రెండు వలలకే ఆమెకు కొత్త లెక్క పట్టుబడింది.

అరవై నాలుగులో మునెయ్య అచ్చు కాయితం ఒకటి తెచ్చి సంఘం గోడకు అంటించాడు. పేరమ్మ తట్టతో పోతుంటే ఆపాడు. మొహం చూపించలేక గోడ వైపు తిరిగి చదివాడు: "నైలాన్ వలలను వాడకముందు మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచవలెను. ముడులు గట్టిపడును."

"ఎవురి పేరుంది దాంట్లో?"

"డిపార్టుమెంటు పేరక్కా."

"పది నిమిషాలు అందరికీ ఎట్ట సరిపోతాయి? లావు దారానికి చాలవు, సన్నదానికి ఎక్కువ. ముడి చూసుకోమని రాయలేదా?"

"లేదు."

ఆమె తట్ట దించింది. ఇంటికి పోయి, అడుగంటిన చిక్కటి కషాయం చిప్పలో తెచ్చింది. బొటనవేలు పూర్తిగా ముంచి, డిపార్టుమెంటు పేరుకు కాస్త పైన గట్టిగా నొక్కింది.

"అక్కా! సర్కారు కాయితం అది!"

"అప్పుడు కావాలన్నారు గదరా," అంటూ తట్ట నెత్తికెత్తుకుంది పేరమ్మ. "ఇప్పుడు వేసినాను. ఆ సారుని వచ్చి తీసుకోమను."