బావకు చెప్పని ఎలుకల ముచ్చట

మా అక్క నన్ను మెచ్చుకున్నప్పుడల్ల అన్నం సగంల ఇడిసి లేస్త. ఏండ్ల సంది గిదే వరుస. ఇంట్ల ఎవ్వలికీ చెప్పలే. ఇది చదివే నీకు చెప్తున్న, నువ్వు నా మొహం చూడలేవు గనుక.

నేను కోతల మనిషిని. బోథ్ సంతల కొన్న దున్నపోతు పాటలు పాడుతదని చెప్పి సగం వాడను చూడ రప్పించినోన్ని. నమ్మేటోళ్లంటే నాకు పాణం. అందరికన్న ఎక్కువ నమ్మేటోడు మా బావ. సిరిసిల్లల సాంచ నడిపేటోడు. మరమగ్గాన్ని మాకాడ సాంచ అంటరు.

బావ పేగుల క్యాన్సర్ గడ్డ లేసింది. కరీంనగర్ దవాఖానల మందు ఎక్కిస్తుంటే సీసను చూసి వణికేటోడు. ఎట్లనన్న నవ్వియ్యాలె. ఫోన్ల ఒక వీడియో చూసి ఉన్న, గదే అందుకున్న. డీఎన్ఏ అంటే పొడుగు దారం బావా అన్న. దాన్ని మడిచి, పొట్టి పోగులతోటి ముడులేసి, కంటికి కనవడని పెట్టె చేస్తరు. క్యాన్సర్ కణం తగిల్తెనే దాని తాళం ఊడుతది. లోపల దాచిన సైగ మన ఒంట్ల పండుకున్న కాపలోళ్లను, అంటే రోగంతోటి కొట్లాడే కణాలను లేపి, దొంగను చూపిస్తది.

గింతవరకు కోత లేదు. అదంత ఇంకా ఎలుకల మీదనే చూస్తున్నరని గా వీడియోలనే చెప్పిండ్రు. నేను ఎలుకల మాట మింగేసిన. నీ సీసల ఉన్నది గదే అన్న.

నేత మనిషి గదా, దారం మాట వినంగనే కండ్లు మెరిసినయ్. పోగు తెగితే ఎట్ల, ముడి ఊడితే ఎట్ల అని ఒకటే అడుగుడు. అన్నిటికీ జవాబు అల్లిన. భయం పోయింది. సీస దిక్కు చూసి, రాండ్రి బిడ్డా, పెట్టెలు పట్టుకొని రాండ్రి అని పిలిచేటోడు. నర్సమ్మలు నవ్వేటోళ్లు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకూ అక్కకూ గట్టిగ చెప్పింది. ఈ మందుతోటి ఒంట్ల తట్టుకునే బలం పడిపోతది, జర జ్వరం తగిలినా ఆగకుండ తీసుకరావాలె అని.

ఒక పొద్దుగాల వాళ్లింటికి పోతే బావ అరుగు మీద కూసున్నడు. అక్క చుట్టిన బీడీలు ఇచ్చిరానీకె పోయింది. నా చెయ్యి తీసి మెడ మీద పెట్టుకున్నడు. కాలుతుంది.

“బామ్మర్ది, లోపల సాంచ నడుస్తుందిరా. పెట్టెల తాళాలు ఊడుతున్నయ్.”

“జ్వరం గాదా బావా?”

“నడిచే సాంచ వేడెక్కదా? మీ అక్కకు చెప్పకు. బుగులు పడి మందు బంద్ చేయిస్తది. నడిమిట్ల ఆపితే గుడ్డల గీత పడ్తది.”

ఒక్క మాట చాలు అప్పుడు. గా పెట్టెలు నీ సీసల లెవ్వు బావా అని. అనలే. ఎందుకు? ఆయన బుగులు పడ్తడనా? శానా ఏండ్లు గట్లనే నన్ను నేను నమ్మించుకున్న. కాదు. గంత మంచిగ కుదిరిన కథను నా చేతులతోటి ఇప్పబుద్ధి గాలే. ఆయన కండ్లల్ల నేను కోతలరాయున్ని గాదు, దగ్గరుండి బతికిస్తున్నోన్ని, గా పేరు పోగొట్టుకోబుద్ధి గాలే. నవ్విన. చాయ్ తాగి ఇంటికొచ్చిన.

అక్క ఆయన ఒళ్లు ముట్టి చూసి దవాఖానకు ఉరికేసరికి ఆలిశమైంది. బావ దక్కలే.

జ్వరం ఆయనకు తెల్వకుండనే ముదిరిందని అక్క అనుకుంటది. మా తమ్ముడు కడదాక నవ్వించిండు అని వచ్చినోళ్లకల్ల చెప్తది. నా పళ్లెంల ఇంకింత కూర ఏస్తది.

ముందుగాల్నే తీసుకపోతే బతికేటోడా? తెల్వదు. గా తెల్వదు అనే మాట ఎనుక దాక్కునుడు గూడ నా కోతలల్ల ఒకటే. గా పెట్టెల ముచ్చట ఫోన్ల వస్తే ఇప్పటికీ చూస్త. ఎలుకల మాట వచ్చినకాడ ఎనుకకు జరిపి మళ్ల వింట.

జ్వరమని బావకు ఎరుక. నాకూ ఎరుక. మంచి కబురని దాచుకున్నడు, గట్ల అనుకునేటట్టు నేర్పింది నేను. ఇగో, చెప్పిన.