గోడమీది చైనా రాణి

చీకటితో లేచి మైదా జిగురు కాయడం జయమ్మకు ఇరవయ్యేళ్ల అలవాటు. అమలాపురంలో సినిమా పోస్టర్లు అంటించే ఆమె భర్త నూకరాజు పోయి పన్నెండు రోజులైంది. ఇప్పుడూ అదే వేళకు లేస్తుంది, వెలిగించని పొయ్యి ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ రోజు ఇంట్లో ఆదరణ కూడిక, పాస్టరుగారు వచ్చి పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన. ఆడపడుచు స్టెల్లా బకెట్టు నీళ్లు, రేకుముక్క తెచ్చి ముందు పెట్టింది.

"ఆ వీధిగోడ గీకెయ్యి వదినా. పాస్టరుగారి కళ్లబడితే ఇంకేవన్నా ఉందా?"

ఖాళీ గోడ దొరక్క నూకరాజు ఇంటిగోడకే అంటించిన చివరి పోస్టరది. ఏనాటిదో చైనావాళ్ల శృంగార కథను ఇప్పుడు సినిమాగా తీస్తే, తెలుగు మాటలు పెట్టి మార్నింగ్ షో వేశారు. జయమ్మ బకెట్టు, రేకుముక్క పట్టుకుని గోడ దగ్గరకు వెళ్లింది, వెనకే స్టెల్లా. బొమ్మలోని రాణికి భుజాల నుంచి మోకాళ్లదాకా తెల్లకాగితం అంటించి ఉంది. దాని అంచున నీలం పెన్నుతో వంకరటింకర పువ్వులు గీసి ఉన్నాయి. జయమ్మ వాటిని వేలితో తడిమింది.

"ఇది మీ అన్నయ్య కట్టిన కోకమ్మా. నా చేత్తో విప్పలేను."

పాస్టరుగారి బండి చప్పుడు వినిపిస్తుండగానే, బకెట్టు నీళ్లు కనకాంబరాల పాదులో పోసేసింది.