రంగు లేని నీళ్ళు

విజయనగరంలో పరిశోధన చేసిన రోజుల్లో నా పనంతా ఒక తెల్లటి పొడితోనే. జింక్ ఆక్సైడులో యూరోపియం అనే అరుదైన లోహం చిటికెడు కలిపి కొలిమిలో కాల్చేదాన్ని. అతినీలలోహిత దీపం కింద పెడితే ఆ పొడి ఎర్రగా వెలిగేది. నీలం రంగు కలిపిన నీళ్ళలో వేసి ఎండలో పెడితే మధ్యాహ్నానికి నీలం విరిగిపోయి నీళ్ళు తేటపడేవి. బల్బులకీ, నీటిశుద్ధికీ పనికొచ్చే పదార్థమని రాసేవాళ్ళం. ఒక పెళ్ళిలో మా అమ్మ ఆ ముక్కే అందరికీ చెప్పింది.

వారం తిరక్కుండా ఉద్దానం నుంచి మా మేనమామ దిగాడు. జీడితోట రైతు. అత్తకి అప్పటికే కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. నీళ్ళ వల్లేనని మావ నమ్మకం. సంచిలోంచి కూల్‌డ్రింకు సీసా తీసి ల్యాబులో నా బల్ల మీద పెట్టాడు.

"మా బోరు నీళ్ళమ్మీ. నీ పొడేసి సూడు."

అప్పుడే చెప్పేయాల్సింది. "రెండ్రోజులు పడతాది మావా" అన్నాను.

ఆ రెండు రోజులూ కాలు నిలవలేదు. పొడి వేశాను, మేడ మీద ఎండలో పెట్టాను, వడగట్టాను, పరీక్షించాను. కరిగిన లవణాలు ఎన్ని ఉండేవో అన్నీ ఉన్నాయి. పొడి మోతాదు పెంచాను. అన్నం సగంలో వదిలేసి మళ్ళీ మెట్లెక్కాను. రంగుని విరగ్గొట్టే పొడి ఉప్పునేమీ చేయలేదని నాకు ముందే తెలుసు. తెలిసీ ఊరుకోలేకపోయాను.

మూడోరోజు మావ వచ్చాడు.

"అవలేదు మావా. ఇది రంగుని తీస్తాది, అంతే."

"మా నీళ్ళకి రంగేటీ లేదు గదే. రంగుంటే మేవే తాగం" అన్నాడు. కోపంగా కాదు, వాన గురించి మాట్లాడినంత మామూలుగా. "మరి దీనికేటి పని?"

కర్టెన్లు వేసి దీపం కింద పొడి చూపించాను. వంగి, ఆ ఎర్రటి వెలుగుని చాలాసేపు చూశాడు.

"బాగున్నాది. లైట్లకైతే పనికొస్తాదిలే. బెంగెట్టుకోకు."

నేను చెప్పాల్సిన ఓదార్పు ఆయన నాకు చెప్పి బస్సెక్కాడు. తర్వాత వాళ్ళు తాగడానికి కుళాయి నీళ్ళకి మారారు. అత్త మాత్రం ఆ ఏడు దాటలేదు.

థీసిస్ ముందుమాటలో 'తాగునీటి శుద్ధికి' అన్న మాట కొట్టేస్తే మా గైడు, "అందరూ రాసేదేగా, ఉంచమ్మా" అన్నారు. ఉంచలేదు. వైవాలో పరీక్షకుడు అడిగారు: "తాగే నీటి మీద ప్రయత్నించలేదా?"

"చేశానండీ. పనిచేయలేదు."

"ఆ ఫలితం ఇందులో ఏదీ?"

పనిచేయనిదీ రాయాలని ఆయన పట్టుబట్టారు. ఇంటికొచ్చి ఒక పేజీ కలిపాను.

ఇప్పుడు కరిగిన లవణాల మీదే పనిచేస్తున్నాను. ఇంతవరకూ ఏమీ తేలలేదు.