ఎంజైముల ప్రాక్టికల్

ఏ సబ్జెక్టు తీసుకోవాలో అడగడానికి ఎవరు వెళ్లినా, మా బయోకెమిస్ట్రీ మేడం ముందుగా "ఇంటికి ఎట్ల పోతవ్ బిడ్డా?" అనేవారు.

మాది శామీర్‌పేట అవతల పల్లె. నాకు ఎంజైముల పేపరంటే ప్రాణం. కానీ దాని ప్రాక్టికల్ సాయంత్రం. అది అయ్యేసరికి మా ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది.

"ఇడిసిపెడ్త మేడం, వేరే పేపర్ తీసుకుంట," అన్నాను.

ఆమె టైంటేబుల్‌ను చాలాసేపు చూశారు.

"గిది పొద్దుగాల పెడ్త. అప్పుడైతే వస్తవా?"

మొదటి రోజు నేను వెళ్లేసరికి మేడం ల్యాబు తాళం తీస్తున్నారు. జుట్టు ఇంకా తడి ఆరలేదు. సుచిత్ర చౌరస్తా దగ్గరున్న ఇంటి నుంచి మొదటి బస్సుకే వచ్చారట.

"తిన్నవా?" అంటూ టిఫిన్ డబ్బా తెరిచారు.

ల్యాబులో తినకూడదు కదా. ఇద్దరం వరండాలో నిలబడి ఇడ్లీలు తిన్నాం.