మైకత్త చూసొచ్చిన ఊళ్ళు

మా మేనత్త బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా అదే గది, అదే గాజు కిటికీ, కిటికీ అవతల అవే బెంచీలు. నోరు తిరగని ఊళ్ళ పేర్లు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పడవల రేవుకు ఏ ఊరి మీదుగా పోవాలో, ఎక్కడ బస్సు మారాలో నిద్రలో లేపి అడిగినా తడుముకునేది కాదు. కానీ వాటిలో ఒక్క ఊరి మొహమూ ఆమె చూసి ఎరగదు. ఇంట్లో అందరం ఆమెను మైకత్త అనేవాళ్ళం. "కూర చల్లారిపోతోంది, దయచేసి గమనించగలరు" అని వంటింట్లోంచి వినిపిస్తే మామయ్య కుట్టు మిషను ఆపి లేచేవాడు.

మామయ్య దర్జీ. మంచి మనిషే గానీ ప్రయాణమంటే ఆయన ప్రాణం మీదికి వచ్చేది. బస్సు కదలకముందే, డ్రైవరు తాళం తిప్పితే చాలు, ఆయన కడుపులో తిప్పేది. పెళ్ళయిన కొత్తలో ఎక్కడికైనా వెళదామని అత్త అడిగితే, ముందు ఉయ్యాల మీద అలవాటు చేసుకుంటానన్నాడట. ఆ అలవాటు ఇంకా పూర్తి కాలేదు.

మా అమ్మ బేకరీ వ్యాను నడిపేది. అత్తా అమ్మా ఒకే ఏడాది పుట్టారు. చిన్నదాన్ని అనిపించుకోవడం ఇద్దరికీ ఇష్టం లేక ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. ఎవరు ఎవర్ని దెప్పుతున్నారో పక్క గదిలో ఉన్నవాళ్ళకు తెలిసేది కాదు.

అత్త రిటైరైన వేసవిలో బేకరీవాళ్ళు పాత పొయ్యి పగలగొట్టి కొత్తది కట్టించుకుంటూ దుకాణం మూశారు. వ్యాను ఊరికే ఉంటే పాడవుతుంది, అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండమ్మా అని ఓనరు చెప్పాడు. ఆ మాటను అమ్మ తనకు కావలసినంత విశాలంగా అర్థం చేసుకుంది. మర్నాడు పొద్దున్నే అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరింది. మామయ్య వీధి చివరిదాకా నడిచి సాగనంపి వచ్చాడు. అంతకన్నా దూరం తన వల్ల కాదన్నాడు.

చిక్కంతా వ్యానుతోనే వచ్చింది. దాని నిండా రొట్టెల వాసన. ఏ ఊళ్ళో ఆగినా జనం సంచులు పట్టుకుని వచ్చేవారు. లేవని చెప్పి చెప్పి అమ్మకు విసుగెత్తింది. చివరికి అత్త అద్దం దించి, అనివార్య కారణాల వల్ల నేడు రొట్టెలు రద్దయినవని ప్రకటించింది. అంతే, ఆ గొంతు ఎక్కడో విన్నామని జనం ఇంకా దగ్గరికి వచ్చారు.

టీ కొట్టాయన ముందుకొచ్చి అడిగాడు. "మా ఊరి బస్సు ఆలస్యంగా నడుస్తోందని రోజూ చెప్పేది మీరేనా?"

గొడవకు వచ్చాడనుకుని అత్త అద్దం సగం ఎత్తింది.

"ఆ ఆలస్యంలోనే పక్క బెంచీ మీద కూర్చున్న మా ఆవిడతో మాట కలిసింది. మీ మీద కోపం పెట్టుకోవాలో, మీకు దణ్ణం పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను" అన్నాడాయన. లోపలి నుంచి వాళ్ళావిడ, దణ్ణమే పెట్టమని చెప్పింది. అత్త దిగి టీ తాగింది.

ఆ తర్వాతి ఊళ్ళో మాత్రం గర్వభంగం జరిగింది. ఆ ఊరి పేరు చివర ఉండాల్సింది 'ల' అట. అత్త ఇన్నేళ్ళూ నొక్కి నొక్కి 'ళ' అంటూ వచ్చింది. పూలు అమ్మే ముసలమ్మ ఈ సంగతి నెమ్మదిగానే చెప్పినా అత్త మొహం మాడిపోయింది. వ్యానులో ముడుచుక్కూర్చుంది. ఒక్క ఊరి దగ్గర నాలుక మడతపడితే కొంపలేం మునగవని అమ్మ నచ్చజెప్పబోయింది. అత్త వినలేదు. దిగి తిన్నగా ఆ ఊరి బస్సు షెడ్డులోకి వెళ్ళి, గొంతు సవరించుకుని, ఆ పేరును సరైన అక్షరంతో ఒకసారి పూర్తిగా ప్రకటించింది. షెడ్డులో కునుకు తీస్తున్న పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, సంచీ భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. బస్సు లేదు. అమ్మ వ్యానును అక్కణ్ణించి ఎంత వేగంగా కదిలించిందో చెప్పనక్కర్లేదు.

రేవులో వ్యాను ఒక షెడ్డు కింద పెట్టి, దీవులు చుట్టివచ్చే మోటారు పడవ ఎక్కారు. లారీలకు కూడా దారివ్వని మా అమ్మ, నీళ్ళను చూడగానే స్తంభాన్ని కౌగిలించుకుంది. అత్త మాత్రం ముందు అంచున కూర్చుని, నీళ్ళ తుంపర మొహాన పడుతుంటే నవ్వుతూనే ఉంది. మొదటి దీవిలో ప్రతి ఇంటి తలుపూ ఒక్కో రంగు. పడవకు వేయగా మిగిలిన రంగు తలుపుకు వేస్తారట.

రెండోది చిన్న దీవి. కాసేపు తిరిగి రండి, బయల్దేరే ముందు మైకులో పిలుస్తానన్నాడు పడవాయన. రేవు పక్కనే ఒకావిడ వల బాగుచేసుకుంటోంది. అత్త ఆవిడ పక్కన కూర్చుంది. అమ్మతో కలిసి ముగ్గురూ కబుర్లలో పడ్డారు. తిరిగి చూసేసరికి పడవ దూరంగా గోరంత కనిపిస్తోంది.

అమ్మకు తల తిరిగిపోయింది. "ఇన్నేళ్ళు ఊరందరికీ చెవినిల్లు కట్టుకుని చెప్పావే, నీకు ఒక్కడు చెప్తే వినపడలేదా వదినా?"

"వినపడింది. కానీ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అతనికి తెలియదు. పాపం, అదే వింటూ ఉండిపోయాను" అంది అత్త.

గాలి ఎక్కువై ఆ తర్వాత కొన్నాళ్ళు పడవ రాలేదు. ఫోన్లూ పనిచేయలేదు. వలావిడ ఇంట్లోనే ఇద్దరూ ఉండిపోయారు. అమ్మ రొట్టెల వ్యాను నడుపుతుందని తెలిసి, రొట్టె కాల్చిపెట్టమని ఆవిడ పిండి ముందు పెట్టింది. నాకు నడపడమే వచ్చు, కాల్చడం రాదని చెప్పడానికి అమ్మకు నామోషీ అనిపించింది. ఆ రొట్టెను ఆ ఇంటి కుక్క వాసన చూసి, దాని మీద తల పెట్టుకుని పడుకుందట. ఇది అత్త చెప్పిన మాట. అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఒకరోజు పొద్దున్నుంచీ అత్త నోరు విప్పలేదు. రేవు రాళ్ళ మీద కూర్చుని నీళ్ళ వైపు చూస్తోంది. జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టుకుని చూసింది. ఏమైందని అడిగింది.

"ఏమీ కాలేదు వదినా. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంత హాయిగా ఉంటుందని తెలియదు నాకు" అంది అత్త. అమ్మ పక్కన కూర్చుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోకుండా అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి.

గాలి తగ్గాక పడవ వచ్చింది. అందులో తాళ్ళ చుట్ట మీద ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. చూస్తే మామయ్య. కబురు లేకపోయేసరికి ఆగలేక, రెండు బస్సులు మారి, రేవులో ఖాళీ వ్యాను చూసి, గుండె జారి పడవెక్కేశాడు.

"ఎలా వచ్చారు?" అంది అత్త.

"కళ్ళు మూసుకుని" అన్నాడు మామయ్య. అత్త నవ్వబోయింది, కుదరలేదు. కొంగుతో ఆయన మొహం తుడిచింది.

కొత్త పొయ్యి వెలిగించే రోజు దగ్గర పడిందని అమ్మ అదే పడవలో వెళ్ళిపోయింది. మామయ్య మాత్రం మళ్ళీ పడవెక్కనని భీష్మించాడు. అలా వేసవంతా ఆ మొగుడూ పెళ్ళాలు ఆ దీవిలోనే గడిపారు. ఆయన పడవలకు గుడ్డ పందిళ్ళు కుట్టిపెట్టాడు. అత్త వలావిడ దగ్గర తెడ్డు వేయడం నేర్చుకుంది. మొదట్లో పడవ గుండ్రంగా తిరిగేదట.

వేసవి చివర, నీళ్ళు అద్దంలా ఉన్న రోజు చూసి, మోటారు కుదుపు లేకుండా ఆయన్ను చిన్న పడవలో తీసుకొచ్చారు. ఒక తెడ్డు అత్తది, ఒకటి వలావిడది. సగం దూరం వచ్చాక మామయ్య ధైర్యం చేసి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది తెరిచాడు. కుడివైపు చెట్లతో ఒక చిన్న దీవి కనిపిస్తే, దాని పేరేమిటని అడిగాడు.

అత్త ఆలోచించింది. తెలియదంది. వలావిడ, పేర్లు చాలా ఉన్నాయి, ఏది చెప్పమంటారంది.

"అయితే పోయి ఆ దీవివాళ్ళనే అడుగుదాం" అన్నాడు మామయ్య.

ఆ రోజు వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళడానికి కబురందుకుని వ్యానుతో రేవులో నిలబడ్డ మా అమ్మ సాయంత్రం దాకా ఎదురుచూసింది.